రాజమ్మత్తకు ఒక్క నౌక

మా వీధిలో ఒక పెద్దావిడను నేను బతికుండగానే చంపేశాను. అయ్యో పాపమని మర్నాడు ఆ తప్పు దిద్దబోయి, ఇంకాస్త బాగా చంపాను. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. పట్టపగలు, ఊరంతా భోంచేసి నడుం వాల్చే వేళ, మా పాత్రల అంగడిలో కూర్చుని కంప్యూటరులో ఆట ఆడుకున్నాను, అంతే. "ఆటతో మనిషి పోతుందా?" అంటారు మీరు. మీకు మా ఒర్లియంపేట తెలియదు, మా రాజమ్మత్త తెలియదు, అన్నిటికంటే ముఖ్యంగా అప్పటి నా తెలివితేటలు తెలియవు.

అప్పుడు నేను లాస్‌పేటలో చదువు ముగించి, ఉద్యోగం వచ్చేదాకా అన్న పేరుతో, మా నాయన అంగడిలో పేర్లు కొడుతుండేదాన్ని. మా ఊళ్ళో ఎవర్‌సిల్వర్ గిన్నె, అంటే స్టీలు గిన్నె, కొన్నవాళ్ళు దాని మీద పేరు చెక్కించుకోకుండా ఇంటికి పట్టుకుపోరు. పక్కింటికి కూర పెట్టి పంపిన గిన్నె తిరిగి రావాలంటే పేరుండాలి. గుడికిచ్చిన వంట అండా ఎవరిచ్చారో దేవుడు మరిచిపోకూడదన్నా పేరుండాలి. అది కూడా ఇంటిపేరు మొదటి అక్షరంతో సహా. జర్రుమని మోగే ఆ చిన్న మిషనుతో నేను ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ కొట్టి గూళ్ళలో పేర్చేదాన్ని.

దీంతోపాటు ఇంటర్నెట్‌లో నాకొక ఛానెల్ ఉండేది. కంప్యూటర్ ఆటల మీద తీర్పులు చెప్పేదాన్ని. చూసేవాళ్ళలో సగం మంది బంధువులు, తక్కిన సగం దారి తప్పి వచ్చినవాళ్ళు. అయినా నా గొంతులో ఉన్నత న్యాయస్థానం పలికేది. సరిగ్గా అప్పుడే, నా చిన్నతనంలో మా మేనమామ కంప్యూటరులో నేను ఆడి అరగదీసిన పాత అంతరిక్షపు యుద్ధపు ఆటను కొత్తగా తయారుచేసి వదిలారు. పాతది గొప్పదా, కొత్తది గొప్పదా? లోకం నా తీర్పు కోసం కాచుకుని ఉందని నాకు గట్టి నమ్మకం.

ఆట తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. మనకు కొన్ని గ్రహాలుంటాయి. వాటికి మనమే పేర్లు పెట్టాలి, మనమే నౌకలు కట్టి కాపలా పంపాలి. మనం ఒక ఎత్తు వేస్తే శత్రువు ఒక ఎత్తు వేస్తాడు. పాత ఆటలో గ్రహమంటే నల్లటి తెర మీద పచ్చ చుక్క. అది శత్రువు చేతికి పోతే ఎర్ర చుక్క. చిన్నగా కీచుమని ఒక చప్పుడు. మిగతా భయమంతా మనమే ఊహించుకోవాలి.

కొత్త దాంట్లో ఊహించుకునే శ్రమ పెట్టలేదు. ప్రతి గ్రహం మీదా రాత్రి దీపాలు మినుకుమినుకుమంటుంటాయి. శత్రువు వస్తే అవి ఒక్కొక్కటే ఆరిపోతాయి, కంగారు లేకుండా, ఎవరో ఇంటింటికీ వెళ్ళి ఆర్పుతున్నట్టు. పాటకు బదులు ఎవరో మన వెనకే నిలబడి ఊపిరి తీస్తున్న చప్పుడు. వీటన్నిటినీ మించిన వింత, దానికి నోరుంది. మనం ఏ పేరు పెట్టినా ఆ పేరుతో కబురు చదివి వినిపిస్తుంది. భాషల పట్టీలో తెలుగు కూడా ఉంది! ఆనందం పట్టలేక తెలుగే పెట్టాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది తమిళుల మధ్య ఉన్న ఊరు, ఇళ్ళలో మాట్లాడేది తెలుగే గానీ చదివేది తమిళం. నేనూ ఈ అక్షరాలు ఆ తర్వాతే నేర్చుకున్నాను. మా తెలుగు తరతరాలుగా తమిళంతో కాపురం చేసి, ఏది ఎవరి సొత్తో తేలని స్థితికి వచ్చింది. ఆ ఆటలో గొంతు అట్లా కాదు. బావి అడుగు నుంచి వచ్చినట్టు బరువుగా, ప్రతి అక్షరాన్నీ కడిగి ఆరబెట్టినట్టు పలికేది. అటువంటి తెలుగు మా ఊళ్ళో పురోహితుల నోట వింటాం, అదీ ఎవరో పోయినప్పుడు.

ఇక నా ఘనకార్యం. ఆట మొదలుపెట్టాక గ్రహాలకు పేర్లు కావాల్సి వచ్చాయి. ఎన్నని ఆలోచిస్తాం? తలెత్తి చూస్తే గూళ్ళ నిండా పేర్లే! పెళ్ళి పళ్ళేల మీద కనిపించిన పేరు ఒక గ్రహానికి పెట్టాను. ఇనుము గనులున్న నడిమి గ్రహానికి, కదిర్కామంలో ఉండే పార్వతత్త చేయించుకున్న దీపపు కుందుల మీది పేరు: వి. పార్వతి. ఎక్కడో మూలనున్న చిన్న గ్రహానికి, ఎదురుగా ఉన్న పెద్ద అండా మీది పేరు: కె. రాజమ్మ.

ఆ అండా కథ మీకు తెలియాలి. రాజమ్మత్త మా పక్కింటి ఆవిడ. భర్తకు దూరదేశంలో పని, పిల్లల్లేరు, ఇంట్లో ఒంటరి. నా చిన్నప్పుడు మా అమ్మ జబ్బుపడితే నెలల తరబడి నాకు అన్నం పెట్టి జడ వేసి బడికి పంపింది ఆవిడే. గుండెలో కవాటం చెడింది, ఆపరేషన్ చేయకపోతే ఎక్కువ కాలం లాగదన్నారు డాక్టర్లు. వద్దంటే వద్దని మొండికేసింది. వీధి వీధంతా బతిమాలి బతిమాలి ఒప్పించింది. బాగా జరిగితే గుడికి అన్నం వండే అండా ఇస్తానని మొక్కుకుని, ముందుగానే పేరు కొట్టమని చెప్పింది. ఆపరేషన్ ఇంకో మూడు రోజులుందనగా నేను ఆట తెరిచాను.

మా ఊళ్ళో మధ్యాహ్నం అంగళ్ళు మూసేస్తారు. నాయన మిద్దెమీద నిద్రపోతున్నాడు. షట్టరు సగం దించి, లోపల చీకటి చేసుకుని, అంగడిలోని పాటల పెట్టెకు ఆటను తగిలించాను. పండగ ఆఫర్లు వీధికి వినిపించడానికి షట్టరు పైన ఇంకో పెట్టె బిగించి ఉంది. రెండింటికీ ఒకటే తీగ అన్న జ్ఞానం నాకు లేదు.

"వి. పార్వతి సురక్షితము. ఏడు నౌకలు కాపలా యున్నవి," అంది గొంతు.

గూళ్ళలో గిన్నెలన్నీ సన్నగా గుయ్యిమన్నాయి. నా ఒళ్ళు జలదరించింది. ఆహా, పాత ఆటలో ఈ భాగ్యం ఎక్కడిది!

"కె. రాజమ్మ. ఒక్క నౌక."

మూలనున్న గ్రహానికి ఒక్కటి చాలదా? పాత ఆటలో శత్రువు శుద్ధ మొద్దు. ఎక్కడ బలముంటే అక్కడే వచ్చి తల బాదుకునేవాడు. అందుకే నడిమి గ్రహానికి అన్నీ పెట్టి, మూలల్ని దేవుడికి వదిలేసేదాన్ని. ఆ పాండిత్యంతోనే కొత్త ఆటలోనూ కూర్చున్నాను. కొత్త ఆటలో శత్రువు బలమున్న చోటికి రాడు. ఎవరు ఒంటరిగా ఉన్నారో చూసుకుని వస్తాడు. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఊపిరి చప్పుడు ఆగింది. మూల గ్రహం మీద దీపాలు ఒక్కొక్కటే ఆరసాగాయి. చివరి దీపం కాసేపు ఊగిసలాడి అదీ పోయింది.

"కె. రాజమ్మ పతనమైనది. సహాయము చేరలేదు. ప్రాణులెవరూ శేషించలేదు."

గొంతు ఆగినా గిన్నెల మోత ఆగలేదు. వేలాడుతున్న గరిటెలు ఒకదాన్నొకటి తాకుతూ ఉండిపోయాయి. నేను తన్మయత్వంతో తల తిప్పి చూద్దును గదా, షట్టరు కింద, ఎండలో, రెండు పాదాలు. పసుపు రాసిన పాదాలు, కాలి వేలికి పాత వెండి మట్టె. కదలడం లేదు. నేనూ కదల్లేదు. ఎంతసేపో తర్వాత అవి మెల్లగా వెనక్కి జరిగి, కనిపించకుండా పోయాయి.

ఎవరో దారిన పోయేవాళ్ళు అనుకున్నాను. అటువంటి అనుకోవడాలకు నాది పెట్టింది పేరు.

సాయంత్రం మా అవ్వ పక్కింటి నుంచి పరుగున వచ్చింది. అవ్వంటే మా నాయన తల్లి. నడిచేటప్పుడు మోకాళ్ళు నొప్పులనేది, కబురు మోసేటప్పుడు మాత్రం వాటికి సెలవు.

"రేయ్, రాజమ్మ ఆపరేషన్ వద్దంటా ఉండాది రా!"

"ఏంది మా, మళ్ళా మొదలా?" అన్నాడు నాయన.

"అండా చూస్తామని మధ్యానం మన అంగడికాడికి వచ్చిందంట. ఆకాశంలో నుంచి ఏదో గొంతు పేరు పెట్టి పిలిచి, నువ్వు పోయినావు అని చెప్పిందంట. ఇంటి అక్షరంతో సహా!"

"ఎవుడో పోకిరి మైకులో అరిచుంటాడు."

"పోకిరికి 'శేషించలేదు' అనేది వచ్చునా? ఈ ఊర్లో అంత మంచి తెలుగు ఎవురు మాట్లాడతారు, దేవుడు తప్ప?"

నాయన తల గోక్కున్నాడు. జవాబు నా దగ్గర ఉంది. కానీ చెప్పే ధైర్యం లేదు. ఎందుకంటే, "ఇంకోతూరి అంగడి పెట్టెకి ఆట తగిలించినావంటే నీ కంప్యూటర్ని పాత ఇనుముకి వేస్తాను" అని నాయన అంతకుముందే శపథం చేసి ఉన్నాడు.

చీకటిపడే వేళకు రాజమ్మత్తే వచ్చింది, చేతిలో మల్లె తొట్టి పట్టుకుని. ఏడవలేదు, గొంతు కూడా మారలేదు. అదే నాకు ఎక్కువ భయం పుట్టించింది.

"పాపా, ఇది నువ్వు పెంచుకో. దినమూ నీళ్ళు పొయ్యి. ఆ అండా గుడికి ఇచ్చేయండి, నేను వచ్చి చూసేది లేదు."

"అత్తా, అట్ల చెప్పొద్దు. ఏదో భ్రమ అయ్యుంటుంది..."

"భ్రమ లేదు పాపా. ఎవురో శుమ్మా, ఊరికే చెప్పిండేది కాదు అది. నాకు ముందే తెలిసినట్టే ఉండాది."

తొట్టి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఎల్లుండి ఆస్పత్రికి పోకపోతే ఆ గొంతు చెప్పింది నిజమవుతుంది. నిజంగా. అప్పుడది ఆట కాదు, హత్య. బుద్ధున్న పిల్లయితే ఆ క్షణమే వెనక పరిగెత్తి కాళ్ళ మీద పడేది. నేను పడలేదు. నా బుర్రకు మహత్తరమైన ఉపాయం తట్టింది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు గదా, నేను ఏకంగా నౌకాదళాన్ని దించాలనుకున్నాను.

పాత ఆటలో పోయిన గ్రహాన్ని తిరిగి గెలిస్తే టింగుమని గంట మోగి, పచ్చ చుక్క పడేది. మనుషులు ఎంతమందో అంతమందీ తిరిగి వచ్చేసేవాళ్ళు. సరే, గ్రహాన్ని గెలిచి, 'రాజమ్మ బతికింది' అని అదే గొంతుతో చెప్పిస్తే తీరిపోయె! ఆటను వెనక్కి తిప్పి సరిచేయవచ్చు గదా అంటారేమో. వెనక్కి తిప్పే వీలు లేని పద్ధతి ఎంచుకుని ఆడుతున్నాను, శూరురాలిని కాబట్టి.

మర్నాడు పొద్దున పేర్లు కొట్టడం మానేసి, నౌకలు కట్టి మూల గ్రహం దగ్గరికి చేర్చాను. మధ్యాహ్నం రాజమ్మత్తను పిలిచాను. "అత్తా, ఒకతూరి అంగడిలో కూర్చోండి. ఆ దేవుడు మళ్ళా ఏమన్నా చెప్తాడేమో." పిలవకుండానే అవ్వ కూడా వచ్చింది. ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, షట్టరు సగం దించి, అండాల వెనక కంప్యూటరుతో నక్కి, మీట నొక్కాను.

గంట మోగలేదు. గిన్నెలు గుయ్యిమన్నాయి.

"కె. రాజమ్మ నుండి పిలుపు వచ్చుచున్నది."

ఇది పాత ఆటలో లేదే అనుకున్నాను. ఆ వెంటనే ఇంకో గొంతు వచ్చింది. ఆడగొంతు, మెత్తగా, చాలా దగ్గరగా, చెవిలో చెప్పినట్టు.

"ఇచ్చట చీకటిగా నున్నది. మేము మీకొరకు చూచితిమి. మీరేల రాలేదు?"

కొత్త ఆట తయారుచేసిన మహానుభావులు చేర్చిన అలంకారం అది. పోయిన గ్రహాల్లో చనిపోయిన జనం కూడా శత్రువు వశమై, మనం దగ్గరికి వస్తే పిలుస్తారట. పై గూట్లో ఒక మూత ఊగి ఊగి కింద పడింది. గుండ్రంగా దొర్లుకుంటూ పోయి, రాజమ్మత్త కాళ్ళ దగ్గర పడుకుంది.

"అమ్మా తల్లీ!" అని అవ్వ షట్టరు కింద నుంచి దూరి వీధిలోకి లంకించుకుంది. నా పళ్ళు టకటకమంటున్నాయి, ఆట ఆడుతున్నది నేనేనని తెలిసి కూడా.

రాజమ్మత్త పరిగెత్తలేదు. ఆ మూత తీసి, కొంగుతో తుడిచి, బెంచీ మీద పెట్టింది. చీకట్లోకి చూస్తూ, పిలిచిన మనిషికి బదులు చెప్పినట్టు చెప్పింది.

"వస్తా ఉండానమ్మా. రెండు దినాలు ఓర్చుకో. వచ్చేస్తాను."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందంటారు. ఇక్కడ ఊడబోయేది నా నాలుక కూడా కాదు, నాకు అన్నం పెట్టిన మనిషి ప్రాణం. నేను అండాలు తోసుకుని బయటికి దూకి, ఏడుస్తూ అరిచాను.

"అత్తా, అది దేవుడు కాదు! నేనే! నా ఆటే!"

"ఏంది?"

"గ్రహానికి మీ పేరు పెట్టినాను అత్తా. ఈ అండా మీద చూసి పెట్టినాను. అది పోయింది. గొంతు అదే చెప్తుంది, ఏ పేరు పెట్టినా చెప్తుంది!"

"నన్ను వోదార్చేదానికి చెప్తా ఉండావు."

"కండిప్పా, ఒట్టు, నిజం అత్తా! రండి, చూడండి!"

చెయ్యి పట్టి లాక్కొచ్చి తెర ముందు కూర్చోబెట్టాను. కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. తిడుతుందా, కొడుతుందా, నాయన్ని పిలుస్తుందా?

"నేను యాడ ఉండాను?"

"ఇదో, ఈ మూల."

"ఇంత చిన్నదా. సరి. నన్ను ఎవురు పట్టింది?"

"ఈ ఎర్రవాళ్ళు."

"కాపలా ఎవురూ లేరా?"

"ఉన్నింది అత్తా. ఒక పడవ."

"ఒక్క పడవా?" ఆవిడ వేలు తెర మీద మెల్లగా జరిగి నడిమి గ్రహం దగ్గర ఆగింది. తమిళ అక్షరాల్లో పేరు చదువుకుంది. "ఇది పార్వతి వదినా?"

పార్వతత్త అంటే రాజమ్మత్తకు ఆడబిడ్డ. ఎప్పుడో ఒక పెళ్ళిలో తాంబూలం ఎవరికి ముందివ్వాలన్న దగ్గర చెడి, ఇద్దరూ మాటలు మానేశారు.

"అవునత్తా."

"ఆమెకి ఎన్ని?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. పెట్టె నాకంటే ముందే పలికింది: "వి. పార్వతి సురక్షితము. ఏడు నౌకలు కాపలా యున్నవి."

రాజమ్మత్త ఆ ఏడు పడవల్నీ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. అప్పటిదాకా తడవని కళ్ళు అప్పుడు తడిశాయి.

"పాపా, పొయ్యేది అందరూ పొయ్యేదే. దానికి నేను భయపడలా. 'సహాయము చేరలేదు' అన్నింది చూడు, దానికి భయపడితిని. ఆ కత్తుల గదిలోకి నన్ను తోసేసి, బయట ఒకరూ ఉండరు అని. అదే నాకు దినమూ తోచేది. అది కూడా అదే చెప్పింది."

ఇనుము లేదని ఒక మనిషిని మూలకు వదిలేసిన మేధావిని నేను. ఆవిడ పాదాల దగ్గర కూర్చుని, "నేను ఉంటా అత్తా, తలుపు కాడనే ఉంటా, కదలను" అని వెక్కిళ్ళ మధ్య ఎలాగో చెప్పాను.

ఆవిడ నా తల నిమిరి, కళ్ళు తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కుంది.

"సరి, ఏడ్చింది చాలు. ఆ ఏడు పడవలూ ఇట్ల తే."

"ఏడూనా? పార్వతత్తకి ఒకటన్నా వద్దా?"

"తే అంటా ఉండాను."

తెచ్చాను. ఉన్నవన్నీ తెచ్చాను. ఆ తర్వాత మేము ఆడిన ఆట నా జన్మలో ఎప్పుడూ ఆడలేదు. "అట్ల పోవద్దు, వెనక నుంచి పో," అని ఆవిడ చెప్పడం, నేను నొక్కడం. ఎర్రవాళ్ళు కకావికలై పారిపోయారు. ఆరిన దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

"కె. రాజమ్మ విముక్తమైనది. దీపములు వెలుగుచున్నవి."

రాజమ్మత్త రెండు చేతులూ జోడించింది, తెరకో, నాకో. నాకు గంతులేయాలనిపించింది. ఇంతలో శత్రువు వంతు వచ్చింది. వాడు ఒంటరిగా ఉన్నవాళ్ళను వెతుక్కుంటూ వస్తాడని నాకు అప్పటికి తెలిసి ఉండాల్సింది. గిన్నెలు గుయ్యిమన్నాయి.

"వి. పార్వతి పతనమైనది. సహాయము చేరలేదు. ప్రాణులెవరూ శేషించలేదు."

వీధిలో నుంచి కేక వినిపించింది. షట్టరు ధడాలున పైకి లేచింది. ఎదురెండలో, చెమటలు కక్కుతూ, సాక్షాత్తు పార్వతత్త. వెనక మా అవ్వ. పారిపోయిన అవ్వ ఊరికే ఉండకుండా కదిర్కామానికి ఫోన్ చేసి, 'మీ తమ్ముడి పెండ్లాము పోతా ఉండాది, కోపాలు మాని వచ్చి చూసుకో' అందట. ఆవిడ ఆటో కట్టించుకుని ఉన్నపళంగా వచ్చింది. దిగీ దిగగానే మా షట్టరు పైపెట్టె ఆవిడ చావు కబురు చెప్పింది.

"ఏమే రాజమ్మా! నిన్ను చూస్తామని వస్తే నేను పోయినానంట! విన్నావా?"

"విన్నాను వదినా," అంది రాజమ్మత్త, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "నీ పడవలన్నీ నేనే తెచ్చుకుంటిని."

అంతా వివరించేసరికి నాయన నిద్ర లేచి వచ్చాడు. ఆ తర్వాత నాకు జరిగిన సన్మానం ఇక్కడ రాయను, ఆడపిల్లను, నాకూ ఒక మర్యాద ఉంది.

ఆపరేషన్ రోజున మాట ప్రకారం తలుపు దగ్గర కూర్చున్నాను. నాకంటే ముందే పార్వతత్త వచ్చి కూర్చుంది. కాఫీ తాగమంటే తాగలేదు, ఇంటికి పొమ్మంటే పోలేదు. "ఆమె పోతే పోనీ అనుకునేదాన్ని," అంది నాతో, ముక్కు చీదుతూ. "ఇప్పుడు ఎట్ల పోతుంది? నా పడవలు ఏడూ ఆమె కాడ ఉండాయి."

రాజమ్మత్తకు మెలకువ వచ్చి, మమ్మల్ని లోపలికి పంపినప్పుడు, పార్వతత్త మంచం మీదికి వంగి, ఎన్నేళ్ళ తర్వాతో ఆ చెయ్యి పట్టుకుంది.

"రాజమ్మా, నా పడవలు?"

ఎండిన పెదాలు కొద్దిగా కదిలాయి.

"ఇయ్యను పో."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా ఏడ్చారు. నర్సు వచ్చి నన్ను కోప్పడింది. ఆ రోజు నుంచి వాళ్ళ మధ్య పడవల తగువు తప్ప ఇంకే తగువూ లేదు.

కాబట్టి, ప్రియమైన పాఠకులారా, పాతదా కొత్తదా అన్న నా తీర్పు ఇదీ: పాత ఆట మంచిది, దానికి నోరు లేదు. కొత్త ఆట ఇంకా మంచిది, అది మనల్ని ఎక్కడ పొడవాలో తెలిసి పొడుస్తుంది. ఇక, మా అంగడిలోని సమస్త ఎవర్‌సిల్వర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట బతికున్న మనిషి పేరు ఏ గ్రహానికీ పెట్టను, పెట్టను, పెట్టను. ఒకవేళ బుద్ధి గడ్డితిని పెట్టానే అనుకోండి, నౌకలు ముందు మూలన ఉన్నవాళ్ళకే పంపుతాను.